ఎనిమిది లైన్ల పేజీ

బస్సులో ఫోను పట్టుకుని కూర్చున్న ఆడమనిషిని చూస్తే జనం రెండే అనుకుంటారు. రీల్స్ చూస్తోందని, లేదంటే ఎవరితోనో చాటింగ్ చేస్తోందని. జగ్గయ్యపేట నుంచి నందిగామకి వెళ్ళే పొద్దుటి బస్సులో ఏళ్ళ తరబడి నేను ఆ రెండు రకాల చూపులూ భరించాను. నేను చదివేది నవలలు. నందిగామ అవతల ఒక ఊరి బడిలో లెక్కల టీచర్ని. చిల్లకల్లు దాటేలోపు సీటు దొరికితే ఒక అధ్యాయం అయ్యేది. దొరక్కపోతే రాడ్డు పట్టుకుని నిలబడి అర అధ్యాయం. ఒకసారి కండక్టరు వంగి చూసి, "ఏంది మేడమ్, అంత మునిగిపోయారు, ఏ సీరియలు?" అన్నాడు. నవల అని చెప్పాను. "ఫోన్లో నవలలు కూడా వస్తన్నయ్యా!" అని, నాకేదో జబ్బు చేసినట్టు జాలిగా చూసి ముందుకెళ్ళాడు.

నాకు మాత్రం అది దొరకక దొరికిన భాగ్యం. మేముండేది రెండు గదుల అద్దె వాటా. పుస్తకాల బీరువా కొంటానంటే మా ఆయన, "బియ్యం బస్తాకే చోటు లేదు, నీ పుస్తకాలు నా నెత్తిన పెట్టు" అన్నాడు. ఫోన్లో అయితే ఎన్ని పుస్తకాలైనా చీర కుచ్చిళ్ళంత చోటు కూడా అడగవు. అక్షరం పెద్దది చేసుకోవచ్చు, ఆపిన చోట గుర్తుంటుంది, నచ్చిన వాక్యం కింద గీత గీసుకోవచ్చు. స్టాఫ్ రూములో ఎవరికి ఏ పుస్తకం ఎక్కించాలన్నా నన్నే పిలిచేవారు. ఫోన్లో చదవడం గురించి నాకు తెలియంది లేదని నేను కూడా నమ్మాను. తెలియని సంగతి ఒకటుంది. ఇదంతా దాని గురించే.

మా అమ్మ వీరులపాడు వైపు పల్లెలో కూలి పని చేసింది. పత్తి తీసింది, మిరపకాయలు కోసింది, ఎవరి చేలో ఏ పని ఉంటే అది చేసింది. బడి ముఖం చూడలేదు. నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, "అందరూ పాటల పుస్తకం చూసి పాడతన్నారే, నేను ఊరికే పెదాలు ఆడిస్తన్నా. నాకు నేర్పవే" అంది. అలా నేను ఎనిమిదేళ్ళకే టీచర్నయ్యాను. ఆదివారం మధ్యాహ్నాలు వసారాలో పలక పెట్టి దిద్దించేదాన్ని. కాయలు కాసిన వేళ్ళలో బలపం నిలిచేది కాదు, జారిపోయేది. నాకు చిరాకు పుట్టి స్కేలుతో కణుపుల మీద కొట్టేదాన్ని. ఆమె చెయ్యి విదిలించుకుని నవ్వేది. "మా టీచరమ్మకి ముక్కు మీద కోపం" అనేది. ఏడాదిన్నరకి గుణింతాలు అయ్యాయి. ఆ తర్వాత బస్సుల మీద బోర్డులు, పాటలు, పకోడీ పొట్లం కాగితం, కనిపించిందల్లా కూడబలుక్కుని చదివేది. పుస్తకమంటూ ఒకటి మొదటి నుంచి చివరిదాకా చదివింది మాత్రం లేదు. అంత పెద్ద పని చేయడానికి ఆమెకి కూలి పని ఎప్పుడూ ఆగలేదు.

మోకాళ్ళు పట్టేశాక ఆమెని జగ్గయ్యపేట తెచ్చుకున్నాను. మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉంది. మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పని చేస్తాడు. ఇంట్లో ఉన్నాడంటే పడుకుని ఉన్నాడని అర్థం. పొద్దున నేను బస్సెక్కితే అమ్మకి గోడలే తోడు. టీవీ చూడమంటే, "అల్లుడుగారు పడుకున్నారు, చప్పుడెందుకు" అనేది. అందుకని మూల పగిలిన నా పాత ఫోన్లో ఒక నవల ఎక్కించి ఇచ్చాను. కళ్ళకి ఆపరేషన్ అయినా చూపు అంతంత మాత్రమే కాబట్టి అక్షరాన్ని ఎంత పెద్దది చేయొచ్చో అంతా చేశాను. పేజీకి ఎనిమిది లైన్లు పట్టాయి. "ఇంతింత అచ్చరాలు సినిమా పోస్టర్లకే ఉంటయ్యే" అని మురిసిపోయింది. తాళం ఏమీ లేకుండా, పక్కనున్న బటన్ నొక్కితే చాలు నేరుగా ఆపిన పేజీయే కనపడేలా పెట్టాను. ఆ బటన్ నొక్కడం ఆమెకి ఒక్కరోజులో వచ్చేసింది.

పేజీ తిప్పడం మాత్రం రాలేదు. రాకపోవడం కాదు, ఫోను ఆమె వేలిని మనిషి వేలిగా ఒప్పుకోలేదు. నలభై ఏళ్ళు పత్తి కాయల మొనలకి, మిరప ఘాటుకి చర్మం ఎండి చెక్కయిపోయింది. రేషన్ దగ్గర కూడా అంతే. వేలిముద్ర పడదు. పది వేళ్ళూ వరుసగా పెట్టించి, ఆఖరికి కన్ను చూపిస్తే బియ్యం ఇచ్చేవాళ్ళు. తెర మీద ఆమె రాసిందే రాసేది. ఏమీ కదిలేది కాదు. గట్టిగా అదిమితే పేజీ తిరగకుండా ఇంకేదో డబ్బా తెరుచుకునేది, అది చూసి కంగారుపడి ఫోను మంచం మీద పెట్టేసేది. వేలు నాలిక మీద అద్దుకుంటే అప్పుడప్పుడు తిరిగేది. ఆ కిటుకు పట్టుకుంది. ఏడాదికి సరిపడా మిరపకాయలు తెచ్చి తొడిమలు తీస్తున్న రోజున, మధ్యలో చదువు గుర్తొచ్చి, అదే చేత్తో నాలిక అద్దుకుంది. నోరు మండి చెంబుడు మజ్జిగ తాగింది. ఆ ఫోను తుడవకుండా నేను పట్టుకుని కన్ను నలుపుకున్నాను. ఇద్దరం వసారాలో కూర్చుని ఏడుస్తుంటే, నిద్ర లేచొచ్చిన మా ఆయన, "అంత ఏడుపు కథా అది?" అన్నాడు. ఆమె నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలిక తడి అంతటితో మానేసింది.

అందుకని పేజీ తిప్పడం నా వంతు అయింది. "అమ్మాయ్, తిప్పు" అనేది. నేను కూర చేస్తుంటే వంటింట్లోకి వచ్చేది, పేపర్లు దిద్దుతుంటే పక్కన నిలబడేది. తిప్పి ఇస్తే వెళ్ళి కూర్చునేది. ఎనిమిది లైన్లకి ఎంతసేపు పడుతుంది? పది నిమిషాల్లో మళ్ళీ వచ్చేది. "అప్పుడే అయిపోయిందా?" అనేదాన్ని. నా ఫోన్లో చిన్న అక్షరాల మీద ఒక పేజీలో అయిపోయేది ఆమె ఫోన్లో నాలుగు పేజీలు. లెక్కల టీచర్నే అయినా ఆ లెక్క నాకు తట్టలేదు. మా ఆయన చేత తిప్పించుకోవచ్చు కదా అన్నాను ఒకసారి. రాత్రి షిఫ్టయితే ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడు మరి. అమ్మ బుగ్గలు నొక్కుకుంది. "అల్లుడి చేత పని చేయించుకుంటానా? నువ్వన్నది నలుగురూ వింటే నవ్విపోతారు" అంది. ఆయన గదిలో ఉంటే ఆమె ఆ గుమ్మం కూడా తొక్కేది కాదు. మా వైపు అత్తలందరూ అంతే.

నవల ఉప్పు అమ్ముకునే ఒక మనిషి కథ. ఏటికి ఇవతల ఊళ్ళు తిరుగుతూ ఉప్పు అమ్ముకుంటుంది. కూతుర్ని ఏటికి అవతల ఊళ్ళో ఇచ్చింది. ఆ పిల్లకి నెలలు నిండాయని, కాన్పు కష్టంగా ఉందని కబురొస్తుంది. ఉన్నపళంగా గంప ఎత్తుకుని రేవుకి బయల్దేరుతుంది. నేను బస్సులో రెండు రోజుల్లో చదివి మర్చిపోయిన పుస్తకం. అమ్మ దాన్ని నెలల తరబడి చదివింది. ఉప్పు మనిషి రేవు చేరిన రోజు మాత్రం నా దగ్గరికి పేజీ కోసం కాక మాట కోసం వచ్చింది.

"నేనూ ఇట్టాగే కూచున్నా తెలుసా" అంది. "వేదాద్రి కాడ. అవతల ఒడ్డున మిరపకాయ కోతకి పోయినం. సాయంత్రం మనూరు రావాలి. నువ్వు చంటిదానివి, అమ్మమ్మ కాడ ఉన్నావు. గాలి లేసిందని పడవోడు రాలా. పొద్దుగూకేదాకా ఇసకలో కూచున్నా. పాలు చేపి రొమ్ములు రాళ్ళయినయ్యి." నేను బడి యాప్‌లో మధ్యాహ్న భోజనం ఫోటోలు ఎక్కిస్తున్నాను. నెట్ సరిగ్గా లేదు. ఊఁ కొట్టాను. ఆ రోజు చివరికి ఇంటికి ఎలా వచ్చిందో అడగలేదు. ఇక ఎప్పటికీ తెలియదు కూడా.

"సరేగానీ, ఈమెకి పడవ వచ్చిద్దా? నువ్వు చదివావుగా, చెప్పవే" అంది.

"చెబితే ఏం బాగుంటుందమ్మా, నువ్వే చదువుకో" అన్నాను. చదువరుల పొగరు అది. కథ ముందే చెప్పేవాళ్ళంటే నాకు గిట్టదు, బస్సులో ఒకావిడ అలా చెప్పిందని నెల రోజులు ఆమె పక్కన కూర్చోలేదు. అమ్మ ఇంకోసారి అడిగింది. నేను నవ్వి తల అడ్డంగా ఊపాను. నా సరదా కొద్దీ అలా ఊరించాను. ఆమె కూడా నవ్వింది.

ఆ తర్వాతి సోమవారం. పరీక్షల కాలం. పేపర్ల కట్ట ముందేసుకుని కూర్చున్నాను. మార్కులు మర్నాటికి ఎక్కించాలి. అమ్మ వచ్చింది, తిప్పాను. వచ్చింది, తిప్పాను. మూడోసారో నాలుగోసారో వచ్చి ఫోను చాచేసరికి నాకు ఒళ్ళు మండింది. "ఎన్నిసార్లమ్మా! నీ చదువు కోసం నా ఉద్యోగం మానుకోమంటావా? నేర్చుకో, పసిపిల్లలు తిప్పుకుంటున్నారు" అన్నాను. ఆమె చేతి వంక నేను చూడలేదు. ఫోను వెనక్కి తీసుకుని, కొంగుతో తెర తుడిచి, "సర్లేమ్మా, పని చేసుకో" అంది. ఆ పేజీ నేను తిప్పలేదు.

మర్నాటి నుంచి అమ్మ తిప్పమని అడగలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి మంచం మీద ఫోను ముందు వంగి కూర్చుని ఉండేది. పెదాలు కదులుతుండేవి. అమ్మయ్య, పట్టుబడింది అనుకున్నాను. కసిరితే గానీ ఎవరికీ చదువు రాదని నా ఉద్యోగంలో నాకొక నమ్మకం ఉంది. ఆ నమ్మకం మరింత గట్టిపడింది. స్టాఫ్ రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా. "మా అమ్మ ఈ వయసులో ఫోన్లో నవల తనే తిప్పుకుని చదువుతోంది, మీ పిల్లలకేం రోగం" అన్నాను. అందరూ మెచ్చుకున్నారు.

పదిరోజులకి, ఒక గురువారం, నేను నందిగామ బస్టాండులో ఉండగా మా ఆయన ఫోన్ చేశాడు. అమ్మ స్నానాలగది దగ్గర కూలబడిపోయిందని, పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నామని చెప్పాడు. ఆ బస్సు అంత నెమ్మదిగా ఎప్పుడూ నడవలేదు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. మా ఆయన గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. ఆమెని ఎత్తుకుని ఆటో దాకా తీసుకెళ్ళింది ఆయనే. బతికుండగా ఆయన గుమ్మం తొక్కని మనిషి.

అమ్మ జ్ఞాపకార్థం ఆదరణ కూడిక మా ఇంటి ముందే, షామియానా వేసి పెట్టాం. పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, మా వెనక వాటాలో ఉండే ఆమె నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. మిషను కుట్టుకుని బతికే మనిషి. మా అమ్మకి పగటిపూట ఉన్న ఒకే ఒక్క నేస్తం.

"మీయమ్మ పోయే ముందు రోజు కూడా నాకు పడవ కథ చెప్పిందమ్మా" అంది. "నేను మిషను తొక్కుకుంటా వినేదాన్ని. ఏరు పొంగింది. పొద్దు గూకింది. ఉప్పుగంప ఇసకలో దించి అవతల ఒడ్డు వంకే చూస్తా కూచుంది. దీపం కనపడితే పడవ ఉన్నట్టు. అవతల కూతురు నొప్పులు పడతంది. ఆ మనిషి చేతిలో గుప్పెడు ఉప్పు పట్టుకుంది, తడికి అది కరిగిపోతంది. అంతే, అక్కడికి ఆపేది."

"అక్కడికి ఆపేదంటే?"

"రోజూ అదే గదమ్మా. ఒక్క ముక్క పొల్లుపోకుండా అదే. వారం పైనే చెప్పింది. తర్వాతేమైంది పెద్దమ్మా అంటే, 'నా వేళ్ళకి తిరగదు. మా అమ్మాయికి పరీక్షలు, తీరిక లేదు. అయిపోయినాక తిప్పుద్ది' అనేది. పడవ వచ్చిందా తల్లీ? నాకూ తెలుసుకోవాలని ఉంది."

చెయ్యి విడిపించుకున్నాను. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను. ఫోను అమ్మ తలగడ పక్కనే ఉంది, చార్జింగ్ అయిపోయి. వైరు తగిలించి కాసేపాగి బటన్ నొక్కితే ఎనిమిది లైన్లు వచ్చాయి. ఏరు, పొద్దు, గంప, దీపం, కరిగిపోతున్న ఉప్పు. మిషనావిడ చెప్పింది చెప్పినట్టే ఉంది. తెర కుడి అంచున ఒక చోట మాత్రం పొగ పట్టినట్టు మసకగా ఉంది. వేలు పెట్టి రాసి, రాసి, అలా అయింది. పదిరోజులు ఆమె ఆ ఒక్క పేజీయే చదివింది. నేను గుమ్మంలోంచి చూసి మురిసిపోయిన చదువు అది. నా గుండె పగిలిపోయింది. ఇంకెలా చెప్పాలో నాకు తెలియదు.

నేను ఆ పేజీ తిప్పలేదు. ఫోను బీరువాలో, ఆమె తెల్లచీరల మధ్య పెట్టేశాను. బస్సులో చదవడం మానేశాను. కిటికీలోంచి పత్తిచేలు చూస్తూ వెళ్ళొచ్చేదాన్ని. స్టాఫ్ రూములో వాళ్ళు, "ఏం మేడమ్, కొత్త నవల ఏదీ చెప్పట్లేదు" అంటే, కళ్ళు లాగుతున్నాయని చెప్పేదాన్ని.

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం, ఒంటిపూట బడి అయ్యాక ఇంటికి వస్తున్నాను. బస్సు కిటకిటలాడుతోంది. నా సీటు పక్కన ఒక అమ్మాయి నిలబడింది. ఆసుపత్రిలో నర్సు కాబోలు, తెల్ల చొక్కా మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక చెయ్యి రాడ్డు మీద, ఒక చేతిలో ఫోను. ఫోన్లో తెలుగు పేజీ. పాత అలవాటు చావక తొంగి చూశాను. పేజీ తిరిగింది. ఆ అమ్మాయి వేలు తెర మీద లేదు. కాసేపటికి మళ్ళీ తిరిగింది. బొటనవేలు ఫోను పక్కనున్న బటన్ మీద ఉంది, శబ్దం పెంచే బటన్ మీద.

"అదెట్టా తిప్పుతున్నావమ్మా?" అన్నాను.

"వాల్యూమ్ బటన్‌తోనండి. ఒక చెయ్యి ఖాళీ ఉండదు గదా బస్సులో. సెట్టింగ్స్‌లో ఉంటది, మీకు తెలీదా?" అని నా ఫోను తీసుకుని, నేను ఇన్నేళ్ళూ వాడిన అదే యాప్ తెరిచి, రెండు చోట్ల నొక్కింది. "ఇదిగోండి, ఆన్ చేశా. ఇంతే."

నిజంగా ఇంతే. నిమిషం కూడా పట్టలేదు. నేను నొక్కాను. తిరిగింది. మళ్ళీ నొక్కాను. ఆ బటన్‌కి వేలి తోలు మెత్తగా ఉందా, చెక్కలా ఉందా అన్న పట్టింపు లేదు. మా అమ్మ రోజూ పేజీ కోసం నొక్కిన బటన్‌కి అది అంగుళం దూరంలో ఉంటుంది.

"ఏమైందండీ? నీళ్ళు తాగుతారా?" అంది ఆ అమ్మాయి. వద్దన్నాను. నా సీటు ఆమెకిచ్చి లేచి నిలబడ్డాను. కూర్చుని ఏడిస్తే అందరికీ కనపడుతుంది.

ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. మా ఆయన డ్యూటీకి వెళ్ళాడు. బీరువాలోంచి ఫోను తీసి చార్జింగ్ పెట్టాను. ఆ అమ్మాయి చూపించినట్టే సెట్టింగ్ మార్చాను. తర్వాత అమ్మ మంచం మీద, ఆమె కూర్చునే వైపే కూర్చున్నాను. ఎనిమిది లైన్లు ఆమె చదివినట్టే కూడబలుక్కుంటూ పైకి చదివాను. కరిగిపోతున్న ఉప్పు దగ్గరికి వచ్చి ఆగాను.

అక్కడ బటన్ నొక్కాను.

కొత్త పేజీ మొదటి లైనులోనే ఏటికి అవతల దీపం కనపడింది. రెండో లైనులో పడవ. నా చిన్న అక్షరాల ఫోన్లో చూస్తే, ఉప్పు కరగడం, పడవ రావడం రెండూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. బస్సులో రెండు క్షణాల్లో దాటేసి ఉంటాను.

"వచ్చిందమ్మా" అన్నాను పైకే. "పడవ వచ్చింది."

వెనక వాటాలో మిషను చప్పుడు ఆగింది. గోడ అవతల నుంచి, "పిలిచావా తల్లీ?" అని వినపడింది. ఆవిడకీ చెప్పాలి, ఇన్నాళ్ళూ చెప్పలేదు. లేచి వెళ్ళబోయి మళ్ళీ కూర్చుండిపోయాను. నువ్వు అడిగినప్పుడు చెబితే ఒక్క మాట. అది చెప్పడానికి నాకేం పోయిందమ్మా?